ముక్కు లారీ మీద కన్ను

వడ్రంగి కొట్టు,
ఆదివారం

బావకి,

ముందు ఎక్కడైనా కూర్చో. నిలబడి చదివే కబురు కాదు. ఇటుక బట్టీ వెనక ముళ్ళ పొదల్లో పడి ఉన్న ముక్కు లారీ ఇప్పుడు మా కొట్టు పక్కనున్న రేకుల పాకలో ఉంది. నాదే.

బట్టీ ఆసామి కొత్త ఇల్లు కడుతున్నాడు. తలుపులూ కిటికీలూ చేయించడానికి నా దగ్గరకి వచ్చాడు. మాటల్లో మాటగా, ఆ తుక్కు తీసుకుని ఇంటి తలుపులన్నీ చేసి పెడతావా అని ఆయనే అడిగాడు. సరే అన్నాను. బేరం కూడా ఆడలేదు బావా, తీరా ఒప్పుకున్నాక మనసు మార్చుకుంటాడేమోనని ఆ సాయంత్రమే ట్రాక్టరు పెట్టి లాక్కొచ్చాను.

దగ్గర్నుంచి చూస్తే తెలిసింది, ఈ క్యాబిన్‌కి ఎముకలన్నీ చెక్కవేనని. రేకు పైన తొడిగిన చొక్కా. లోపలి చట్రాన్ని చెదలు తినేసి పిండి చేశాయి. నేను వేలు పెడితే వేలు అవతలకి వచ్చింది. ఇంజను బిగుసుకుపోయింది. చాసిస్ మాత్రం సుత్తితో కొడితే గంటలా మోగుతోంది. ఎదర రెండు పలకల అద్దం, గుండ్రటి ముక్కు, కప్పల కళ్ళలాంటి లైట్లు, అన్నీ ఉన్నాయి.

దీన్ని తళతళలాడించి చూసుకుంటూ కూర్చునే ఉద్దేశం నాకు లేదు. రోజూ రోడ్డెక్కాలి. బీరువాలూ మంచాలూ మోయాలి. పొద్దున సెల్ఫు కొడితే లేవాలి, నలుగురితో సమానంగా పరిగెత్తాలి. చెక్క పని నాకొదిలేయ్. ఇనుప పని సంగతి మాత్రం నువ్వు చెప్పకపోతే నాకు దిక్కులేదు. అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది


మెకానిక్ షెడ్డు,
శుక్రవారం

బావమరిదికి,

కూర్చునే చదివాను. చదివాక లేవడానికే కాసేపు పట్టింది.

సంతోషం. ఈ మాట ఒకసారి రాసి కొట్టేసి మళ్ళీ రాశాను, కాగితం చూస్తే నీకే తెలుస్తుంది.

నీకు మీసాలు రాక ముందు నుంచీ ఆ లారీని అడుగుతున్నవాణ్ణి నేను. మీ ఊరు వచ్చినప్పుడల్లా సంచీ దించకుండానే బట్టీ వైపు నడిచేవాణ్ణి. పుట్టింటికి వచ్చింది నేనా మీరా అని మీ అక్క ఎగతాళి చేసేది. ఆ పెద్దమనిషి ప్రతిసారీ టీ ఇచ్చి, మా నాన్న బండి, అమ్మనండీ అని సాగనంపేవాడు. వాళ్ళ నాన్న బండిని నీకు తలుపులకి ఇచ్చాడన్నమాట. ఆయన్నని ఏం లాభం, నాకు తలుపులు చేయడం రాదు కదా.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. పాత ఇంజనుతో కుస్తీ పట్టకు. అది పెట్రోలు తాగుడే గాని పని చేయదు. తుక్కు దుకాణాల్లో చిన్న డీజిల్ ఇంజను, దాని గేరుబాక్సుతో సహా దొరుకుతుంది. చాసిస్ మీద పెట్టేటప్పుడు మధ్యలో రబ్బరు దిమ్మలు వేయి, లేకపోతే నువ్వు అంత ముచ్చటపడి చేసిన క్యాబిన్ నెల తిరక్కుండా కీళ్ళు వదిలేస్తుంది. వెనక ఇరుసులో పళ్ళ చక్రాలు మార్చు. ఉన్నవి గుట్టలెక్కడానికి పెట్టినవి, రోడ్డు మీద వాటితో వెళ్తే ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం నత్తలా పాకుతుంది.

వడ్రంగి చేతిలో లారీ. నవ్వొస్తోంది.

మీ బావ


వడ్రంగి కొట్టు,
బుధవారం

బావకి,

నవ్వుకో, ఫరవాలేదు. నువ్వు చెప్పినవన్నీ చేశాను. మూతపడిన ఐసు ఫ్యాక్టరీలో ఓ వ్యాను దొరికింది. దాని ఇంజను, గేరుబాక్సు తీసి రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టాం. ఇరుసులో పళ్ళు మార్చాం. స్టీరింగు తిప్పాలంటే ఇద్దరు కావాల్సొచ్చేది, ఇప్పుడు దానికి నూనె పంపు ఒకటి తగిలించాం, ఒంటి చేత్తో తిరుగుతోంది. లైట్లకి పెద్ద బ్యాటరీ పెట్టాం.

క్యాబిన్ చట్రం మొత్తం కొత్తగా చేశాను. టేకు కాదు, బరువు. తేలిక చెక్కే, కాని ఎక్కడా మేకు లేదు, అంతా చెక్కలో చెక్క దూర్చి బిగించిన కూసాలే. తలుపు వేస్తే టప్పున చప్పుడు రాదు బావా, బీరువా మూసినట్టు మెత్తగా పడుతుంది. రంగు ఆకుపచ్చ. బట్టీ ఆసామి వచ్చి చుట్టూ తిరిగి, మా నాన్న నడిపినప్పుడు కూడా ఇంత అందంగా లేదయ్యా అన్నాడు.

ఒక అనుమానం. బ్రేకులు పాతవే ఉన్నాయి. ఇంజను బలం పెరిగింది, వేగం పెరిగింది. ఇవి సరిపోతాయా, వేరేవి వెతకాలా? వెల్డింగు అతన్ని అడిగితే మీ బావనే అడుగు అన్నాడు.

ఇంకో మాట. మా ఆవిడకి నెలలు నిండొస్తున్నాయి, వాళ్ళమ్మ దగ్గరికి పంపిస్తున్నాను. ఇల్లూ కొట్టూ నా ఒక్కడి వల్ల కావు. అక్కని కొన్నాళ్ళు పంపగలవా?

నీ బావమరిది


మెకానిక్ షెడ్డు,
సోమవారం

బావమరిదికి,

మీ అక్కని గురువారం బస్సెక్కిస్తున్నాను. బస్టాండుకి నువ్వే రా, ఆ లారీ తీసుకుని రాకు.

మేకు లేని క్యాబిన్ సంగతి చదివాను. మా షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ మీ అక్క అదే చెబుతోంది. తలుపు బీరువాలా పడుతుందటగా. నేను ఇన్నేళ్ళుగా ఎన్ని బళ్ళు లేపానో తను ఎవరికైనా చెప్పగా వినలేదు.

బ్రేకులకేం, అవే చాలు. లోపలి రబ్బర్లు మార్చి, కొత్త నూనె పోసి, పైపుల్లో గాలి తీసేయ్. ఆ కాలం ఇనుము, గట్టిది.

మీ బావ


వడ్రంగి కొట్టు,
ఆదివారం

బావకి,

బండి రోజూ రోడ్డెక్కుతోంది. పొద్దున ఒక్క మీట, అంతే, లేచి కూర్చుంటుంది. నిన్న రెండు బీరువాలు, ఓ పొడుగు బల్ల వేసుకుని క్వారీ పక్క కొత్త ఇళ్ళకి వెళ్ళింది. ఆ వాలు నీకు గుర్తుండే ఉంటుంది, సైకిలు దిగి నడిచే చోటు. దాన్ని మూడో గేరులో ఎక్కేసింది. వీధిలో పిల్లలు దీనికి కప్ప అని పేరు పెట్టారు. కాలేజీ మేస్టరు ఒకాయన రోజూ గేటు దగ్గర నిలబడి చూసి వెళ్తాడు, మాట్లాడడు.

అక్క బాగుంది. తీరిక లేదు తనకి.

నీ బావమరిది


మెకానిక్ షెడ్డు,
మంగళవారం

బావమరిదికి,

మీ అక్కకి తీరిక లేదని తను రాసే ఉత్తరాలు చూస్తేనే తెలుస్తోంది. నా ఒంట్లో ఎలా ఉందని ఒక ముక్క, మిగతా పేజీ అంతా మీ కప్ప. దానికి కుడి వైపు అద్దం మార్చారట. సీటు ముందుకి జరిపారట. సీటు ఎందుకు జరిపారు? నీ కాళ్ళు నా కాళ్ళకంటే పొడుగు.

అసలు నడిపేది ఎవరు? నువ్వు సైకిలే గోడలకి రాసుకుంటూ తొక్కేవాడివి. ఆ కాలేజీ మేస్టరు ఎవరు, పనీపాటా లేదా ఆయనకి?

ఇక్కడ పనికి తక్కువేం లేదు. మధ్యాహ్నం అన్నం చల్లగా తింటున్నాను. నిన్న ఒక వ్యాను ఇంజను విప్పుతూ, ఇదే నేను ఆ ముక్కు లారీలో పెట్టి ఉంటే ఇంకొంచెం వెనక్కి పెట్టేవాణ్ణి, బరువు సమంగా పడేది అనుకున్నాను. నువ్వెక్కడ పెట్టావో రాయి. రాయకపోయినా ఫరవాలేదు.

మీ బావ


వడ్రంగి కొట్టు,
శనివారం

బావకి,

నువ్వు అనుకున్నట్టే ఇంజను వెనక్కే పెట్టాను, అందుకోసం క్యాబిన్ అడుగు పలక కొంత కోయాల్సొచ్చింది. ఈ మాటకి నువ్వు సంతోషిస్తావో, నీకు తట్టింది నాకూ తట్టిందని ఉడుక్కుంటావో తెలీదు.

ఎవరు నడిపితే ఏం బావా, బండి నడుస్తోంది. మంచి డ్రైవరు దొరికారనుకో. గేరు మారిస్తే మారినట్టే తెలీదు. గుంత వస్తుందంటే ముందే తెలిసినట్టు తప్పిస్తారు. పక్కన కూర్చుని చూస్తుంటే నాకే కుళ్ళు పుడుతోంది, చెక్కా చెమటా నాది, ఊరంతా మెచ్చుకునేది డ్రైవర్ని.

మేస్టరు రిటైరయ్యాడు. వాళ్ళ నాన్నకీ ఇలాంటి లారీ ఉండేదట. ఆయన మీద కూడా పడకు.

నీ బావమరిది


మెకానిక్ షెడ్డు,
సోమవారం మధ్యాహ్నం

బావమరిదికి,

టెలిగ్రాం అందే ఉంటుంది. బండి బయటికి తీయొద్దు అని మాత్రం అందులో ఇచ్చాను. ఎందుకో ఇందులో రాస్తున్నాను.

పొద్దున సిమెంటు లోడుతో వెళ్తున్న డ్రైవరొకడు రేడియేటరు కారుతోందని షెడ్డులో ఆగాడు. నేను పని చేస్తుంటే కబుర్లు చెబుతూ, దారిలో ఒక ఊళ్ళో వింత చూశానండీ అన్నాడు. ఆకుపచ్చ ముక్కు లారీని ఒకావిడ నడుపుతోందట. క్వారీ వాలు మీద ఎదురొచ్చి, పెద్ద బళ్ళవాళ్ళు ఇచ్చుకున్నట్టు చేయెత్తి దారి ఇచ్చిందట. "మా వాళ్ళలో సగం మందికి అంత నేర్పు లేదండీ" అన్నాడు. నెరిసిన జుట్టు ముడి వేసుకుని, మగవాళ్ళ చొక్కా పైన వేసుకుని ఉందన్నాడు. ఆ చొక్కా ఏ రంగో నేనే చెప్పాను. నాదే.

మొదట ఏమనిపించిందో దాచను. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ కాపురంలో తను ఒక్కసారి జీపు తాళం అడిగితే క్లచ్చి కాలుస్తావని ఇవ్వలేదు. అడగడం మానేసింది. ఇప్పుడు నాకు దక్కని లారీ ఎక్కి, నేను చూడని చోట, నా చొక్కా వేసుకుని నడుపుతోంది. పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రేడియేటరు సంగతి ఆ డ్రైవరు గుర్తు చేయాల్సొచ్చింది.

ఆ తర్వాత క్వారీ వాలు గుర్తొచ్చింది. అప్పుడే పానా పడేసి పోస్టాఫీసుకి పరిగెత్తాను.

ఆ పాత బ్రేకులు చాలవు. నువ్వు అడిగిన రోజే నాకు తెలుసు. నాలుగు మూలల చక్రాలకీ నూనె ఒకే దారిన వెళ్తుంది. ఎక్కడ ఒక్క పైపు చిట్లినా నూనె అంతా పోతుంది, పెడల్ నేలకి తగులుతుంది, ఏ చక్రమూ ఆగదు. అప్పటి వేగానికి అప్పటి బ్రేకు డ్రమ్ములు సరిపోయాయి. నువ్వు పెట్టిన ఇంజనుకి, వేసే బరువుకి అవి నిలవవు.

మా అటక మీద గోనెసంచిలో ఒక బ్రేకు సెట్టు ఉంది. పాత బస్సొకటి తుక్కుకి పోతుంటే విప్పి దాచాను. ముందు చక్రాలకి ఒక దారి, వెనక వాటికి ఒక దారి. ఒకటి పోయినా రెండోది పట్టుకుంటుంది. ఏ బండికి సరిపోతుందో కొలిచి మరీ దాచాను. నాది కాని లారీకి సామాను కూడబెట్టుకున్నవాణ్ణి నేను.

నువ్వు అడిగినప్పుడు ఆ సంచీ పంపాల్సింది. పంపబుద్ధి కాలేదు. బండి సరిగా ఆగకపోతే నువ్వు భయపడతావు, మెల్లగా తోలుకుంటూ మా షెడ్డుకి తీసుకొస్తావు, బావా నావల్ల కాలేదు నువ్వే చూడు అంటావు అనుకున్నాను. ఆ మాట నీ నోట వినాలని ఉండింది. అంతకుమించి ఆలోచించలేదు.

బండి కదిలించకండి. మీ అక్కకి ఈ ఉత్తరం చదివి వినిపించు.

మీ బావ


వడ్రంగి కొట్టు,
గురువారం

బావగారికి,

మీ టెలిగ్రాం వచ్చేసరికి అక్క బయల్దేరి వెళ్ళిపోయింది.

క్వారీ వాలు దిగుతుండగా పెడల్ కిందికి పోయింది. వెనక మూడు తలుపుల బీరువా, రెండు మంచాలు ఉన్నాయి. వాలు చివర బడి ఉంది, అది వదిలే వేళ. అక్క గేర్లు ఒక్కొక్కటే కిందికి లాగింది. చేతి బ్రేకు లాగితే అది కాలి పొగ వచ్చింది. బడికి ముందు కట్టుబడిలో ఉన్న ఒక ఇంటి ముందు ఇసుక పోసి ఉంటే, బండిని తీసుకెళ్ళి అందులోకి ఎక్కించింది. ముందు చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. బీరువా ముక్కలైంది. అక్కకి మోచేయి గీసుకుపోయింది, అంతే. దిగి, ఇసుక దులుపుకుని, నడిచి ఇంటికి వచ్చింది. నేను టెలిగ్రాం చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను.

మీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. మీరు చెప్పినట్టే చదివి వినిపించాను. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. "ఆయన కుళ్ళు నాకు కొత్త కాదురా. ఇన్నాళ్ళూ మాటల్లో ఉండేది. ఈసారి పెడల్ కింద పెట్టాడు" అంది.

తను నడుపుతోందని మీకు చెప్పొద్దని తనే నా దగ్గర మాట తీసుకుంది. చెబితే మీరు ఆపుతారని. అందుకే దాచాను. నేను దాచింది అది, మీరు దాచింది ఇది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇంక అక్క మాట. ఆ సంచీ పార్సిలు వేయొద్దంది. మీరే తెచ్చి, మీ చేత్తో బిగించాలట. బిగించాక అంతే బరువు వేసి అదే వాలు తను దిగుతుందట, పక్క సీట్లో మీరు కూర్చోవాలట. దానికి ఒప్పుకుంటే రండి, లేకపోతే ఎప్పటికీ రావద్దంది.

మాకు పాప పుట్టింది. చూడ్డానికి వెళ్తున్నాను, నెల రోజులు అక్కడే ఉంటాను. మీరు వచ్చేటప్పటికి నేను ఇక్కడ లేకపోవడమే మంచిది, ఎదురుపడితే ఏమంటానో నాకే తెలీదు. బండిని ట్రాక్టరుతో పాకలోకి లాగించాను, తాళం అక్క దగ్గర ఉంది.

ఇట్లు,
మీ బావమరిది


వడ్రంగి కొట్టు,
ఆదివారం

బావమరిదికి,

పై అడ్రసు చూసి ఉలిక్కిపడకు. నీ కొట్టులోనే, నీ బల్ల మీదే కూర్చుని రాస్తున్నాను. పాపా, మీ ఆవిడా క్షేమమని మీ అక్క చెప్పింది.

వచ్చిన రోజు తను తలుపు తీసి, సంచీ వైపు చూసి, నా వైపు చూడకుండా తాళం చేతికిచ్చింది. పాకలోకి వెళ్ళి లైటు వేశాను. అప్పటిదాకా నీ మీద కోపం లేదనే అనుకున్నాను. బండిని చూశాక వచ్చింది. ఇంజను నేను పెట్టేదానికంటే బాగా పెట్టావు. పైపులు ఒక్కటీ వేలాడకుండా చాసిస్‌ని అంటుకుని వెళ్ళాయి. క్యాబిన్ కూసాల మీద చేయి వేసి చూశాను, అతుకు ఎక్కడుందో గోరుకి కూడా దొరకలేదు. ఎక్కడైనా ఒక తప్పు కనిపిస్తే బాగుండునని కింద పడుకుని, పాకి, టార్చి వేసి వెతికాను. ఒక్కటే కనబడింది, అది నేను చెప్పిన బ్రేకులు.

చిట్లిన పైపు విప్పి నీ బల్ల మీద పెట్టాను. పడేయకు అని మీ అక్క అంటే అక్కడే ఉంచాను.

సెట్టు బిగించడానికి వారం పట్టింది. పెద్ద డ్రమ్ములు వేశాను, చేతి బ్రేకు కొత్తది పెట్టాను. తను మధ్యమధ్య వచ్చి చూసేది. కావాల్సిన పానా నేను అడగకముందే అందించేది. నా పనిలో ఏ పానా ఎప్పుడు కావాలో తనకి తెలుసని నాకు ఇన్నేళ్ళూ తెలీదు.

నిన్న ఇసుక బస్తాలు వేసుకుని వాలుకి వెళ్ళాం. తను డ్రైవరు సీట్లో, నేను పక్కన. బండి కిందికి మొగ్గగానే నా కుడికాలు నేలని తొక్కడం మొదలుపెట్టింది. తను అది చూసి "మీ వైపు బ్రేకు లేదండీ" అంది. వాలు నడిమధ్యలో పెడల్ నొక్కింది. బండి కుదుపు లేకుండా ఆగింది. అంత బరువుతో, అంత వాలులో. తను చేతి బ్రేకు వేసి ఇంజను ఆపేసింది.

అప్పుడు అడిగింది.

"నడిపేది నేనని తెలిసుంటే బ్రేకుల సంగతి నిజం రాసేవారా?"

"రాసేవాణ్ణి" అన్నాను. అది నిజం.

"తమ్ముడైతే ఫరవాలేదా?"

కింద బడి గంట కొట్టారు, పిల్లలు బయటికి వచ్చారు, గోల గోలగా మా పక్కనుంచి పైకి ఎక్కి వెళ్ళిపోయారు. తను జవాబు కోసం కూర్చుంది, తొందరపెట్టలేదు. చివరికి, దాని జవాబు నీకు కాదు, వాడికివ్వాలి అన్నాను. తను తల ఊపి ఇంజను స్టార్టు చేసింది.

అందుకే ఈ ఉత్తరం. నువ్వు మెల్లగా నడుపుతావు, నీకేం కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. ఆ రోజు నువ్వు అడిగింది చదువుతుంటే నాకు నువ్వు కనబడలేదు, లారీయే కనబడింది. క్షమించమని అడిగే ముఖం లేదు. తిట్టాలనుకుంటే రాసి తిట్టు, ఎదురుగా తిట్టినా పడతాను. బావా అని రాయి, చాలు. ఆ 'గారు' చదవలేకపోయాను.

కుళ్ళు పోయిందని మాత్రం అబద్ధం చెప్పను. పోలేదు. తను వీధిలో వెళ్తుంటే జనం చేయెత్తి పలకరిస్తారు. పిల్లలు హారను కొట్టమని వెంటపడతారు, తను కొడుతుంది. ఆ మేస్టరుతో కూడా మాట్లాడాను, మంచి మనిషే, అదీ నాకు నచ్చలేదు. ఇదంతా నాకు దక్కాల్సిందని లోపల ఏదో గింజుకుంటూనే ఉంది. ఒక్కసారి నేను నడుపుతానని అడగాలని నోటిదాకా వస్తోంది. తను ఎన్నేళ్ళు అడగకుండా ఊరుకుందో గుర్తొచ్చి నోరు మూసుకుంటున్నాను.

ఇవాళ నీ కొట్టులో సిద్ధంగా ఉన్న బీరువా ఒకటి ఇచ్చి రావడానికి వెళ్ళాం. ఆ ఇంటాయన బయటికి వచ్చి, మీ అక్కకి నమస్కారం పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి అడిగాడు.

"ఎవరమ్మా, కొత్త క్లీనరా?"

మీ అక్క స్టీరింగు మీద చేతులు తీయకుండా నా వైపు చూసింది. ఏమంటానా అని చూస్తోంది. నీకు తెలుసుగా, మామూలుగా అయితే నేనేమనేవాణ్ణో.

"అవునండీ, ఈ వారమే చేరాను" అన్నాను. తలుపు తీసుకుని దిగాను. ఆ తలుపు నిజంగానే మెత్తగా పడుతుంది. వెనక్కి వెళ్ళి బీరువా ఒక కొస భుజానికెత్తుకున్నాను. రెండో కొస మీ అక్క పట్టుకుంది.

మీ బావ